బిట్ పెట్టే ముందు: సర్క్యూట్ బోర్డుల్లో చెడిన సోల్డర్ అతుకులపై ఒక సమీక్ష

2014 డిసెంబర్ 28న ఇండోనేషియాలోని సురబయ నుంచి సింగపూర్‌కు బయలుదేరిన ఎయిర్ ఏషియా విమానం క్యూజెడ్ 8501 జావా సముద్రంలో కూలిపోయింది. 162 మంది చనిపోయారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఆ దేశ రవాణా భద్రతా కమిటీ ఇచ్చిన నివేదిక, ప్రమాదానికి దారితీసిన అంశాల్లో ఒకటిగా ఒక సోల్డర్ అతుకు పగులును పేర్కొంది. తోక మీది చుక్కాని ఎంతవరకు తిరగవచ్చో హద్దు పెట్టే పరికరంలో అతుకు పగిలి కనెక్షన్ ఆగి ఆగి పోతూ ఉండేది. అంతకుముందు 12 నెలల్లో ఆ వ్యవస్థలో 23 సార్లు లోపం నమోదైంది. రీసెట్ చేస్తే హెచ్చరిక పోయేది, విమానం మళ్లీ ఎగిరేది. ఆ పగులు ఒక్కటే విమానాన్ని కూల్చలేదు. గాలిలో ఉండగా సర్క్యూట్ బ్రేకర్‌ను లాగి పెట్టడం, ఆపై విమానం అదుపు తప్పినప్పుడు పైలట్లు స్పందించిన తీరు కూడా నివేదికలో ఉన్నాయి. మన విషయానికి అందులోంచి తీసుకోవలసింది ఒకటుంది. లోపం కనబడకుండా పోవడాన్ని చాలాసార్లు లోపం పోవడంగానే లెక్కవేశారు.

బోర్డులు తయారు చేసే చోటా, బాగుచేసే చోటా రోజూ జరిగే పొరపాటు కూడా ఇదే. ఒక బోర్డు పనిచేయదు. అనుమానం వచ్చిన అతుకు మీద వేడి ఐరన్ పెట్టి కొంచెం సోల్డర్ వేస్తారు. పనిచేస్తుంది. ఎందుకు చెడిందో ఎవరికీ తెలియదు. ఇక తెలిసే వీలు కూడా లేదు, ఎందుకంటే ఆ అతుకులో ఉన్న ఆధారమంతా అప్పుడే కరిగిపోయింది. లోపం బయటపడిన చోటు ఒకటి, పుట్టిన చోటు మరొకటి. ఆ రెంటినీ కలిపే గుర్తులను మొదట చదవాలి, ఆ తరువాతే దిద్దాలి. సోల్డరింగ్ లోపాల గురించి ఇప్పటిదాకా పోగైన జ్ఞానాన్ని ఈ దృష్టితో ఒకసారి కలియజూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉన్న గ్రంథాలు, వాటి మధ్య ఖాళీ

ఈ జ్ఞానం మూడు చోట్ల ఉంది. మొదటిది ప్రమాణాలు. ప్రపంచమంతటా వాడే ఐపీసీ-ఎ-610 ఫొటోలతో సహా ఏ అతుకు ఆమోదయోగ్యమో, ఏది కాదో చెబుతుంది. వస్తువులను మూడు తరగతులు చేస్తుంది: మామూలు వినియోగ వస్తువులు, ఎక్కువ కాలం నమ్మకంగా నడవాల్సినవి, ఆగిపోతే ప్రాణాల మీదికి వచ్చేవి. ఒకే అతుకు మొదటి తరగతిలో గట్టెక్కి మూడో తరగతిలో తప్పవచ్చు. కానీ ఈ ప్రమాణం తీర్పు మాత్రమే చెబుతుంది. ఎందుకలా వచ్చిందో చెప్పడం దాని పని కాదు.

రెండోది ప్రక్రియా గ్రంథాలు. 1964లో హోవర్డ్ మాంకో రాసిన సోల్డర్ల పుస్తకం, ఫిలిప్స్ సంస్థకు చెందిన క్లైన్ వాసింక్ గ్రంథం, రీఫ్లో లోపాల మీద నింగ్-చెంగ్ లీ పుస్తకం ఈ కోవలోవి. ఫ్యాక్టరీ గోడల మీద కనిపించే 'లోపం, కారణం, నివారణ' పట్టికలు ఇలాంటి జ్ఞానానికి సంక్షిప్త రూపాలు. చిక్కల్లా ఆ సంక్షిప్త రూపంతోనే. 'రెండు కాళ్ల మధ్య బ్రిడ్జి' అన్న గడిలో పది కారణాలుంటాయి. అందులో మన కారణం ఏదో పట్టిక చెప్పదు. పైగా ఒకే మూలం నాలుగు రకాల రూపాల్లో బయటపడగలదు.

మూడోది వైఫల్య విశ్లేషణ. అతుకును అడ్డంగా కోసి, నునుపు చేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి లోహాల పొరలు చూస్తారు. కారణం తేల్చడంలో దీనికి సాటి లేదు. అయితే నమూనా పాడవుతుంది, ఖర్చు, సమయం బాగా పడతాయి. చేతిలో భూతద్దం, ముందు ఆగిపోయిన లైను ఉన్న మనిషికి ఈ మూడింటిలో ఏదీ నేరుగా అందదు. అతనికి కావలసింది అడగవలసిన ప్రశ్నల వరస. ఆ వరసలో మొదటి మూడు ఇవి: సోల్డర్ అసలు పట్టిందా? సరిపడా, సరైన చోట ఉందా? బాగా కుదిరి ఆ తరువాత విరిగిందా?

పట్టడం అంటే

సోల్డర్ జిగురులా అంటుకోదు. కరిగిన సోల్డర్‌లోని తగరం రాగితో కలిసి, రెంటి మధ్య రాగి-తగరం సమ్మేళనపు పలుచని పొర ఏర్పడుతుంది. మంచి అతుకులో అది కొద్ది మైక్రాన్ల మందం ఉంటుంది. ఆ పొర లేకపోతే అతుకే లేదు. మరీ మందమైతే అతుకు పెళుసెక్కుతుంది. కాబట్టి వేడి తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

ఆ పొర ఏర్పడాలంటే రాగి మీద ఆక్సైడ్ ఉండకూడదు. దాన్ని తొలగించేది ఫ్లక్స్. ఫ్లక్స్ శక్తికి పరిమితి ఉంది. వేడి తగిలిన కొద్దీ అది పనిచేస్తుంది, ఆపై ఖర్చైపోతుంది. లోహం శుభ్రంగా ఉండాలి, ఫ్లక్స్ ఇంకా బతికి ఉండాలి, వేడి చాలాలి. మూడూ ఒకే క్షణంలో కలిసినప్పుడే సోల్డర్ పారుతుంది. సోల్డరింగ్ లోపాల్లో పెద్ద వాటా ఈ మూడింటిలో ఒకటి సమయానికి అందకపోవడమే.

మొదటి ప్రశ్న: పట్టిందా?

పట్టని సోల్డర్ తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడుతుంది. పట్టిన సోల్డర్ అంచులు పలచబడి లోహంలోకి సర్దుకుపోతాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. తరువాతి మెట్టు దగ్గరే చూపు తప్పుతుంది. పట్టకపోవడంలో రెండు రకాలున్నాయి. సోల్డర్ ఎన్నడూ అంటని చోట ప్యాడ్, అంటే అతుకు కోసం బోర్డు మీద వదిలిన లోహపు మచ్చ, అసలు రంగు అలాగే కనబడుతుంది. ఒకసారి పరుచుకుని వెనక్కి తగ్గిన చోట పలుచని వెండిరంగు పూత, దాని మీద అక్కడక్కడ గుట్టలు మిగులుతాయి. మొదటిదానికి పైపొర ఆక్సైడ్, చాలని ఫ్లక్స్, చాలని వేడి కారణాలు. రెండోదానిలో చాలాసార్లు తప్పు పూత కింద ఉంటుంది. పూత కరిగాక బయటపడిన లోహమే మురికిగా ఉందన్నమాట. అక్కడ మనం ఎంత ఫ్లక్స్ పోసినా ఫలితం ఉండదు. బోర్డు చేసిన వారితోనే మాట్లాడాలి.

ఇంకో గుర్తు భూతద్దంతోనే దొరుకుతుంది. సోల్డర్ ఏ పక్క పట్టింది? ప్యాడ్ మీద చక్కగా పరుచుకుని కాంపొనెంట్ కాలిని వదిలేస్తే అనుమానం కాలి మీదికి పోవాలి: పాత స్టాకు, తేమలో నిలవ, అరిగిన పూత. కాలికి పట్టి ప్యాడ్‌కు పట్టకపోతే బోర్డు పూత చెడి అయినా ఉండాలి, ఆ ప్యాడ్‌కు వేడి చాలక అయినా ఉండాలి. ఈ రెంటినీ విడదీయడం తేలిక. పట్టనివన్నీ గ్రౌండ్ ప్లేన్‌కు కలిసిన ప్యాడ్‌లే అయి, పక్కనున్న సన్నటి ట్రాక్‌ల ప్యాడ్‌లు బాగుంటే కారణం వేడి. పెద్ద రాగి పరుపు వేడిని లాగేస్తుంది. అక్కడ ప్యాడ్‌ను సన్నటి వంతెనలతో ప్లేన్‌కు కలపకపోవడం డిజైనర్ చేసిన తప్పు. దాని ఫలితం రోజూ అనుభవించేది సోల్డర్ చేసేవాడు.

చేతి సోల్డరింగ్‌లో వేడి చాలనప్పుడు సోల్డరింగ్ స్టేషన్ మీద ఉష్ణోగ్రత అంకె పెంచడం అలవాటు. అంకె పెంచితే ఫ్లక్స్ త్వరగా మాడుతుంది, ప్యాడ్ లేచిపోతుంది, వేడి మాత్రం అంతగా పెరగదు. అతుకులోకి వేడి పోయేది ఐరన్ మొన, అంటే బిట్, ఆనిన వైశాల్యం గుండా. సూదిమొన బిట్‌తో పెద్ద ట్యాగ్ సోల్డర్ చేయబోయి 400 డిగ్రీలు దాటించే బదులు వెడల్పు బిట్ తొడిగి 350 దగ్గర పని ముగించవచ్చు. నల్లబడిన బిట్‌ను ఆకురాయితోనో ఎమెరీ కాగితంతోనో గీకడం మన మరమ్మతు దుకాణాల్లో ఇప్పటికీ కనబడుతుంది. పాత రాగి బిట్‌లకు అది చెల్లింది. ఇప్పటి బిట్‌లకు రాగి మీద ఇనుప పూత ఉంటుంది. గీకితే పూత పోయి, కింది రాగి సోల్డర్‌లో కరిగి, బిట్‌కు గుంట పడుతుంది. తడి స్పాంజి మీదో ఇత్తడి తీగల ఉండలోనో తుడిచి, పని ముగిశాక మొన మీద కాస్త సోల్డర్ ఉంచితే బిట్ చాలాకాలం వస్తుంది.

పట్టినట్టే కనబడి మోసం చేసేది ఒకటుంది. నికెల్ మీద పలుచని బంగారు పూత వేసిన బోర్డుల్లో, బంగారు పూత స్నానం సరిగా నియంత్రించకపోతే నికెల్ తుప్పు పట్టి దాని ఉపరితలంలో భాస్వరం పాళ్లు పెరుగుతాయి. ప్యాడ్ పైకి మెరుస్తూనే ఉంటుంది, అతుకు చూడ్డానికి నిండుగా ఉంటుంది. చిన్న దెబ్బకు కాంపొనెంట్ ఊడి వస్తుంది, కింద నల్లటి ప్యాడ్ బయటపడుతుంది. దీనికి బ్లాక్ ప్యాడ్ అని పేరు. అసెంబ్లీ లైనులో ఎవరు ఏం మార్చినా ఇది పోదు. తేల్చడానికి సాధారణంగా అడ్డుకోత కావాలి.

రెండో ప్రశ్న: సరిపడా ఉందా, చోటున ఉందా?

నేడు చాలా అతుకులు పుట్టేది ఐరన్ కింద కాదు, స్టెన్సిల్ కింద. పలుచని స్టీలు రేకు రంధ్రాల గుండా సోల్డర్ పేస్ట్‌ను ప్యాడ్‌ల మీద అచ్చువేసి, కాంపొనెంట్లు కూర్చోబెట్టి, ఓవెన్ గుండా పంపుతారు. పేస్ట్‌లో బరువు లెక్కన దాదాపు 90 శాతం లోహమైనా ఘనపరిమాణంలో అది సుమారు సగమే. అంటే అచ్చుపడిన పేస్ట్‌లో సగమే అతుకుగా మిగులుతుంది. 

పేస్ట్ రంధ్రం గోడలకు అంటుకుంటుందా, ప్యాడ్ మీదికి దిగుతుందా అన్నది రంధ్రం అడుగు వైశాల్యాన్ని గోడల వైశాల్యంతో భాగిస్తే తెలుస్తుంది. ఆ నిష్పత్తి 0.66కు తగ్గకూడదన్నది స్టెన్సిల్ డిజైన్‌లో స్థిరపడిన సూత్రం. 0.3 మిల్లీమీటర్ల చదరపు రంధ్రానికి 125 మైక్రాన్ల రేకు వాడితే నిష్పత్తి 0.6. అతుకులు సన్నబడతాయి, ఒక బోర్డుకూ మరో బోర్డుకూ పోలిక ఉండదు. అదే రంధ్రానికి 100 మైక్రాన్ల రేకు వాడితే 0.75. ఏ మిషన్ సెట్టింగూ ముట్టుకోకుండానే లోపం తగ్గుతుంది. ఈ లెక్క వేయకుండా, పేస్ట్‌ను రంధ్రాల్లోకి నెట్టే స్క్వీజీ ఒత్తిడి పెంచుతూ వారాలు గడిపే చోట్లు తక్కువేమీ కాదు.

సోల్డరింగ్ లోపాల్లో 60, 70 శాతం అచ్చు దగ్గరే పుడతాయని పరిశ్రమలో తరచూ వినిపిస్తుంది. ఆ అంకెను సూత్రంగా తీసుకోకూడదు. కరిగిన సోల్డర్ అల మీదుగా బోర్డులను పంపే వేవ్ మెషీన్ మీద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు సోల్డర్ చేసే యూనిట్‌కూ, ఫోన్ బోర్డులు చేసే యూనిట్‌కూ లోపాల వాటాలు ఒకేలా ఉండవు. అచ్చును ముందు చూడమన్న సలహా మంచిదే. శాతం మాత్రం ఎవరిది వాళ్లే లెక్కపెట్టుకోవాలి.

రూపంలో దగ్గరగా ఉండి కారణంలో వేరయ్యే జంటలు ఈ కోవలో చాలా ఉన్నాయి. బోర్డు మీద చెల్లాచెదురుగా పడిన సన్నటి సోల్డర్ గుళ్లు వేరు, చిన్న చిప్ నడుము పక్కన ఒకే చోట నిలిచే పెద్ద పూస వేరు. మొదటివి పేస్ట్ తేమ పీల్చిందనో, పొడి ఆక్సీకరణ చెందిందనో, వేడి మరీ వేగంగా ఎక్కిందనో చెబుతాయి. రెండోది చిప్ కిందికి నొక్కుకుపోయిన పేస్ట్. దానికి మందు స్టెన్సిల్ రంధ్రం ఆకారం మార్చడం. చిన్న రెసిస్టర్ ఒక కొన మీద నిటారుగా లేచి నిలబడే టూంబ్‌స్టోన్‌కు మూలం ఒక్కటే: రెండు కొనల్లో ఒకటి ముందు కరిగి లాగేసింది. ఎందుకు ముందు కరిగిందన్నదే వెతకాలి. ఒక ప్యాడ్ గ్రౌండ్‌కు కలిసి ఉందా, ప్యాడ్‌ల సైజు తేడానా, పేస్ట్ తేడానా, చిప్ పక్కకు పడిందా? ఎప్పుడూ ఒకే స్థానంలో లేస్తుంటే డిజైన్. చోట్లు మారుతుంటే ప్లేస్‌మెంట్ లేదా ఓవెన్.

పేస్ట్ నిలవ కూడా ఇక్కడే వస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లో ఉంచుతారు. బయటికి తీసిన వెంటనే మూత తెరిస్తే గాలిలో తేమ చల్లటి పేస్ట్ మీద పేరుకుంటుంది. మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా, సాధారణంగా కొన్ని గంటలు, ఆగాలి. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీరంలో ఉన్న చిన్న యూనిట్లకు ఈ నియమం హైదరాబాద్ కంటే ఎక్కువ అవసరం.

కాళ్లు రంధ్రాల్లో దిగే కాంపొనెంట్లకు వేవ్ సోల్డరింగ్‌లో చూసేది రంధ్రం ఎంత నిండిందన్నది. నిండకపోతే వెంటనే కరిగిన సోల్డర్ ఉండే పాట్ ఉష్ణోగ్రత పెంచుతారు. ముందు చూడవలసింది బోర్డు పైముఖం వేడి, ఫ్లక్స్ రంధ్రంలోకి ఎక్కిందా లేదా, కాలికీ రంధ్రానికీ మధ్య ఖాళీ. ఇక నిండిన అతుకులో అగ్నిపర్వతపు నోరులా బిలం పడితే అది వేరే కథ. బోర్డు పొరల్లో చిక్కిన తేమ, రంధ్రం గోడ మీది రాగి పూత పలచగా ఉన్న చోట ఆవిరై బయటికి తన్నింది. బోర్డులను బేక్ చేస్తే ఆ లాటు గట్టెక్కుతుంది. రాగి పూత మందం సరిచేయించకపోతే తరువాతి లాటులో మళ్లీ వస్తుంది.

మూడో ప్రశ్న: కుదిరి, తరువాత విరిగిందా?

పాత పిక్చర్ ట్యూబ్ టీవీని నెత్తిన కొడితే బొమ్మ రావడం ఒక తరం వారందరికీ తెలుసు. మెకానిక్ వెనక మూత తీసి 'డ్రై సోల్డర్' అనేవాడు. లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల చుట్టూ సన్నటి వలయంలా పగులు కనబడేది. ఆ అతుకుల్లో చాలావరకు ఫ్యాక్టరీలో బాగానే కుదిరినవే. రోజూ వేడెక్కి, చల్లారి, బరువు మోసి అలసిపోయాయి. వాటిని డ్రై అనడంలోనే రోగనిర్ణయం పక్కదారి పడుతుంది. కుదరని అతుకుకు మందు తయారీలో ఉంది. అలసిన అతుకుకు మందు డిజైన్‌లో ఉంది.

సోల్డర్ ఎందుకు అలసిపోతుందో దాని కరిగే ఉష్ణోగ్రతే చెబుతుంది. 63 శాతం తగరం, 37 శాతం సీసం కలిపిన పాత సోల్డర్ 183 డిగ్రీల దగ్గర, కెల్విన్‌లో 456 దగ్గర కరుగుతుంది. మన గది ఉష్ణోగ్రత 300 కెల్విన్. అంటే టేబుల్ మీద చల్లగా ఉన్నప్పుడు కూడా సోల్డర్ తాను కరిగే స్థాయిలో మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. ఆ స్థితిలో లోహం చిన్న ఒత్తిడికే నెమ్మదిగా సాగుతుంది. బోర్డు ఒక డిగ్రీకి మిలియన్‌లో సుమారు 14 నుంచి 18 వంతులు వ్యాకోచిస్తే సెరామిక్ కాంపొనెంట్ 6, 7 వంతులే వ్యాకోచిస్తుంది. ఆ తేడానంతా ప్రతి స్విచ్ ఆన్‌కూ ఆఫ్‌కూ భరించేది మధ్యనున్న అతుకు.

విరిగిన అతుకులో పగులు ఎక్కడుందో చూడటం ఇక్కడ కీలకం. సోల్డర్ శరీరం గుండా వంకరగా పోతే అలసట అనుకోవచ్చు. సమ్మేళనపు పొర వెంట నున్నగా పోతే పెళుసుదనం, దెబ్బ, లేదా చెడ్డ పూత. ప్యాడ్ కింది రెసిన్‌తో సహా ఊడివస్తే బోర్డును వంచారు. ప్యానెల్ నుంచి బోర్డులను చేత్తో విరిచే చోట అంచున ఉన్న సెరామిక్ కెపాసిటర్లు పగలడం మామూలు. చాలాసార్లు నింద సోల్డర్ మీద పడుతుంది, పగిలింది మాత్రం కెపాసిటర్ ఒళ్లు.

కంటికి అందనివి

అడుగున సోల్డర్ బంతులుండే బీజీఏ ప్యాకేజీల రాకతో అతుకులు కాంపొనెంట్ కిందికి పోయాయి. కంటితో, కెమెరాతో చూసే తనిఖీకి అవి అందవు. ఎక్స్-రే బ్రిడ్జిలను, మాయమైన బంతులను, లోపలి గాలి బుడగలను చూపుతుంది. బంతి, పేస్ట్ నిజంగా ఒకటయ్యాయా అన్నది పైనుంచి తీసిన ఎక్స్-రే తేలిగ్గా చెప్పలేదు. ఓవెన్‌లో ప్యాకేజీ వంగితే బంతి పేస్ట్ మీదినుంచి లేస్తుంది. రెండూ విడివిడిగా కరిగి, పైన ఆక్సైడ్ పొర కట్టి, చల్లారేటప్పుడు మళ్లీ తాకుతాయి కానీ కలవవు. హెడ్ ఇన్ పిల్లో అనే ఈ లోపం ఫ్యాక్టరీ పరీక్షలో పాసవుతుంది, ఎందుకంటే తాకుడు ఉంది. కొనుక్కున్నవాడి చేతిలో కొన్నాళ్లకు విడిపోతుంది. ఏటవాలు ఎక్స్-రే, ఎర్రరంగు చొప్పించి ప్యాకేజీని పెకలించి చూసే పరీక్ష దీన్ని పట్టుకుంటాయి.

గాలి బుడగల మీద వాదన ఇంకా తెగలేదు. ఎక్స్-రే చేతికి వచ్చాక అందరికీ అవే కనబడ్డాయి, అందరూ వాటినే తగ్గించబోయారు. బంతి మధ్యలో ఉన్న బుడగ అతుకు ఆయుష్షును అంతగా తగ్గించదనీ, ప్యాడ్‌ను ఆనుకుని వరసగా ఉన్న సన్నటి బుడగలు ప్రమాదకరమనీ ఎక్కువమంది అంగీకరిస్తారు. వేడిని దింపాల్సిన పవర్ కాంపొనెంట్ కింద మాత్రం బుడగ ఎక్కడున్నా నష్టమే. కొలవడం తేలికైనదాన్నే ముఖ్యమైనదిగా ఎంచే అలవాటుకు ఇదొక ఉదాహరణ.

దాగిన అతుకుల విషయంలో ప్రపంచం మొత్తం తప్పుగా నిర్ధారించిన సందర్భం ఎక్స్‌బాక్స్ 360. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ గేమింగ్ యంత్రాల వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకు 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. గ్రాఫిక్స్ చిప్ కింది సోల్డర్ బంతులు విడిపోతున్నాయని అంతా నమ్మారు. హాట్ ఎయిర్‌తో బోర్డు వేడిచేసి బతికించేవారు. కొన్నాళ్లు పనిచేసేది, మళ్లీ పోయేది. పగుళ్లు ప్యాకేజీ లోపలి కనెక్షన్లలో ఉన్నాయని, మాటిమాటికీ వేడెక్కి చల్లారడమే కారణమని 2021లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆ సంస్థ వారే వివరించారు. వేడి చేస్తే పనిచేయడం బోర్డు అతుకు చెడిందనడానికి రుజువు కాదు. వేడి చిప్ లోపలికీ పోతుంది. మన ఊళ్లలో చిప్ కింది బంతులు మార్చే రీబాలింగ్ పనివారికి లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లు వారాల్లో తిరిగి రావడం వెనక చాలాసార్లు ఉన్నది ఇదే.

సీసం పోయాక మారినవి

ఐరోపా సమాఖ్య 2006 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని నిషేధించింది. మన దేశంలో ఈ-వ్యర్థాల నియమాల కింద ఆ పరిమితి 2014 మేలో అమల్లోకి వచ్చింది. అంతరిక్ష, సైనిక పరికరాలు ఐరోపా నియమం పరిధిలో లేవు. తగరం, 3 శాతం వెండి, అర శాతం రాగి కలిపిన శాక్ 305 ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఇది కరిగేది 217 నుంచి 220 డిగ్రీల మధ్య.

పోయిన మార్జిన్‌ను అంకెలే చూపుతాయి. సోల్డర్ కరిగే స్థాయి 34 డిగ్రీలకు పైగా ఎక్కింది. కాంపొనెంట్లు తట్టుకునే పైహద్దు, ప్యాకేజీ సైజును బట్టి, 245 నుంచి 260 దగ్గరే ఆగింది. పెద్ద కనెక్టర్ కింద 235 అందాలి, అదే బోర్డులో చిన్న చిప్ 260 దాటకూడదు. ఓవెన్‌లో బోర్డు మీద థర్మోకపుల్స్ అతికించి కొలవకుండా ఓవెన్ జోన్‌ల అంకెలు చూసి నడిపే పద్ధతికి ఇక్కడితో కాలం చెల్లింది. జోన్ అంకె గాలి వేడి, అతుకు వేడి కాదు.

మారిన రెండో సంగతి కన్ను. సీసం ఉన్న మంచి అతుకు మెరిసేది, మసకబారితే చెడిందని నేర్పారు. సీసం లేని మంచి అతుకు సహజంగానే మసకగా, గరుకుగా ఉంటుంది. పాత చూపుతో తనిఖీ చేసేవారు మంచి అతుకులను దిద్ది చెడగొట్టారు. మెరుపును వదిలి, అంచు ఎలా పారిందో చూడటం కొత్తగా నేర్వవలసి వచ్చింది. మూడోది వేవ్ పాట్. రాగి-తగరం సూదులు సీసపు సోల్డర్‌లో పైకి తేలేవి, గరిటెతో తీసేవారు. సీసం లేని సోల్డర్ వాటికంటే తేలిక కనుక అవి అడుక్కి దిగుతాయి. పైపైన తేలే తెట్టు (డ్రాస్) తీసి శుభ్రం చేశామనుకుంటే రాగి పాళ్లు లోపల పెరుగుతూనే ఉంటాయి, బ్రిడ్జిలు పెరుగుతాయి. పాట్ నమూనాను క్రమం తప్పకుండా పరీక్షకు పంపడమే దీనికి దారి.

ఇప్పుడు లోలకం వెనక్కి ఊగుతోంది. 138 డిగ్రీలకే కరిగే తగరం-బిస్మత్ సోల్డర్ల వైపు పరిశ్రమ చూస్తోంది. 2017లో లెనోవో లాప్‌టాప్‌లకు అలాంటి ప్రక్రియను ప్రకటించింది. వేడి తగ్గితే ప్యాకేజీ తక్కువ వంగుతుంది, హెడ్ ఇన్ పిల్లో తగ్గుతుంది. బిస్మత్ పెళుసు కాబట్టి కింద పడితే తట్టుకోవడం కష్టం. లోపాల పట్టికలు మళ్లీ రాయవలసి వస్తుంది.

చోటు, వేళ, లాటు

మొదట అడిగిన ఆ మూడు ప్రశ్నలూ ఒక్క అతుకును చదవడానికి. వంద బోర్డులుంటే అంతకంటే బలమైన ఆధారం దొరుకుతుంది, అదే లోపాల అమరిక. ప్రతి బోర్డులో అదే స్థానంలో వస్తే డిజైన్, స్టెన్సిల్, లేదా ఆ కాంపొనెంట్. ఒకే బోర్డులో అన్ని చోట్లా వస్తే ఆ బోర్డు, ఆ నిమిషం. ప్యానెల్ ఒక అంచునే వస్తే స్క్వీజీ, బోర్డు కింది సపోర్టు, లేదా ఓవెన్ అంచు వేడి. కొన్ని బోర్డులకొకసారి క్రమంగా వస్తే స్టెన్సిల్ తుడిచే వ్యవధితో పోల్చాలి. భోజన విరామం తరువాతి బోర్డుల్లోనే వస్తే స్టెన్సిల్ మీద ఎండిన పేస్ట్. రీలు మార్చిన దగ్గర మొదలైతే ఆ లాటు.

వాతావరణం కూడా ఈ అమరికలో భాగమే. తేమకు లోనయ్యే ప్యాకేజీల్లో మూడో స్థాయివి సంచి తెరిచాక 168 గంటల్లో సోల్డర్ కావాలి. ఆ గంటలు 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని గదికి లెక్కకట్టినవి. తీరప్రాంతంలో ఏసీ లేని షెడ్డులో గాలి తేమ ఆ హద్దు దాటడం మామూలు, కాబట్టి అక్కడ 168 అన్న అంకెకు అర్థం లేదు. 2015 నుంచి ఫోన్లు తయారవుతున్న శ్రీసిటీ లాంటి చోట్ల పెద్ద ప్లాంట్లు గదిని అదుపులో ఉంచుకోగలవు. హైదరాబాద్‌లో కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతాల్లోని చిన్న యూనిట్లకు డ్రై క్యాబినెట్, సంచి తెరిచిన వేళ రాసిన చీటీ చవకైన రక్షణలు.

దిద్దుబాటు ఖరీదు

టచప్ వద్దని ఎవరూ అనలేరు. అది ఉచితమని అనుకోవడమే తప్పు. ప్రతిసారీ వేడి తగిలినప్పుడు సమ్మేళనపు పొర మందమవుతుంది, ప్యాడ్ రాగి కొంత కరుగుతుంది, పక్కనున్న సెరామిక్ కెపాసిటర్‌కు వేడి దెబ్బ తగులుతుంది. కనిపించని ఖర్చు ఇంకోటి ఉంది. క్లీనింగ్ అక్కర్లేదన్న ఫ్లక్స్‌ను టచప్‌లో ధారాళంగా పోస్తే అది వేడి తగలని చోటికీ పాకుతుంది. పూర్తిగా వేడెక్కినప్పుడే దాని అవశేషం హాని చేయనిది. పచ్చిగా మిగిలిన చోట తేమ, వోల్టేజి కలిస్తే లీకేజీ మొదలై, లోహపు కొమ్మలు పెరిగి షార్ట్ అవుతుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో తిరిగి వచ్చే బోర్డు ఫ్యాక్టరీలో దిద్దినదే కావచ్చు.

అందువల్ల ఈ సమీక్షలోంచి ఆచరణకు తేలేది పెద్ద యంత్రాలేమీ అడగదు. బిట్ పెట్టే ముందు ఒక ఫొటో తీయాలి. బోర్డు నంబరు, స్థానం, వేళ, లాటు రాయాలి. సోల్డర్ ఏ పక్క పట్టిందో ఒక్క మాటలో గుర్తించాలి. ఆ తరువాత నిశ్చింతగా దిద్దవచ్చు. వారం చివర ఆ చీటీలను స్థానాల వారీగా పేరిస్తే పది కారణాల పట్టికలో తొమ్మిది వాటంతటవే రాలిపోతాయి. దిద్దినవి ఎన్నో మాత్రమే లెక్కపెట్టే యూనిట్‌కు తన దిద్దుబాటు వేగం తెలుస్తుంది. ఎందుకు దిద్దవలసి వచ్చిందో రాసుకునే యూనిట్‌కు వచ్చే నెల దిద్దవలసినవి తగ్గుతాయి.